హెన్రీ మార్టిన్ దినచర్య : ఒక క్రైస్తవ బోధకుని యాత్మపరీక్ష

దినదినమును జరిగిన సంగతులను నాఁడునాఁడే వ్రాసి యుంచు నాచారము మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది కాదు. తెనుఁగున నట్టి రచనకుఁ బండితులెల్లరు నెఱిఁగిన యుదాహరణము ఏనుఁగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్రము. ఆయన 1830 మొదలు 1831 వఱకు చెన్నపట్టణమునుండి కాశికిఁ బోయి వచ్చుచు, త్రోవలోని మజిలీలను, సత్రములను, వస్తువుల వెలలను, ఆయా దేశస్థుల యాచారములను శ్రద్ధతో వ్రాసి పంపెను. ఆ వ్రాఁతలు 1838లో గ్రంథరూపమున నచ్చుపడినవి. వీరాస్వామయ్యగారు దైవభక్తుఁడే యైనను ఆయన దృష్టి బాహ్యప్రపంచముపై నుండెను. చూచిన దానిని చూచినట్లు చెప్పుటయే ఆయన కలము చేసిన పని.

ఐరోపా ఖండమున సంస్కృతమతస్థులగు క్రైస్తవులలో మఱియొక విధమగు దినచర్య పుట్టినది. రోమను మతమున భక్తుఁడు తన పాపములను గురువుచెవిని వేసి ప్రాయశ్చిత్తమును బొందును. ఆ పద్ధతిని విడిచిన సంస్కృతమతస్థులలో ననేకులకు మనస్సాక్షి లెక్కలను ఒప్పగించుకొనుటకుఁ గాగితము తప్ప వేఱొక చోటు లేకపోయెను. అందుచేత పదునేడవ శతాబ్దినుండి ఇంగ్లాండు, జర్మనీ, అమెరికా దేశములలోని బోధకులు పెక్కండ్రు, ఆ దినమున వేదగ్రంథములో నే భాగమును జదివితిమి, దానివలన మనస్సున కేమి తోఁచెను, చేయవలసిన సేవలో నెంత చేసితిమి, ఎంత మానితిమి అని రాత్రివేళ లెక్క చూచుకొని వ్రాసి యుంచిరి. వర్తకుఁడు చిఠ్ఠా వ్రాసినట్లు భక్తుఁడు తన హృదయమునకుఁ జిఠ్ఠా వ్రాసెనని చెప్పవచ్చును.

అట్టి దినచర్యలలో హిందూదేశ చరిత్రముతోను, దేశభాషల చరిత్రముతోను గాఢమైన సంబంధము గలది హెన్రీ మార్టిన్ వ్రాసినది. దాని స్వరూపమెట్టిది, దానిని చరిత్రకారుఁ డెంతవఱకు నమ్మవచ్చును, అది తెలిపెడు సేవానిష్ఠ యెట్టిది అను మూఁడంశము లిచట విచారింపఁబడుచున్నవి.

జన్మము, విద్య

మార్టిన్ 1781వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదిని ఇంగ్లాండునందలి కార్న్‌వాల్ సీమలో ట్రూరో అను పట్టణమున జన్మించెను. తండ్రి మొదట గనిలోఁ బనిచేసి, స్వయంకృషిచే గణితము నేర్చి, ఒక వర్తకుని కార్యస్థానమున గుమాస్తాగాఁ గుదురుకొన్నవాఁడు. తల్లి బాల్యముననే చనిపోయెను. ఆ కుటుంబమునకు క్షయరోగము పిత్రార్జితమువలె సంక్రమించినది. మార్టిన్ శరీరమునుగూడ నది చివరివఱకు విడువలేదు.

1797లో నీతఁడు కేంబ్రిడ్జి విద్యాపీఠమునఁ జేరెను. 1801 జనవరిలో జరిగిన గణితపరీక్షయం దందఱకంటె నగ్రస్థానమును బొందెను. అప్పటి కీతని వయస్సు ఇరువది సంవత్సరములైనను నిండలేదు. కోరిన ఘనత చేతికందిన ఆ క్షణముననే తాను పట్టుకొన్నది నీడ యని తనకుఁ దోఁచినట్లు పిమ్మట నాతఁడే చెప్పుకొన్నాఁడు. అంతకు ముందు సంవత్సరమే తండ్రి మరణించెను. ఆ దుఃఖమున వేదగ్రంథమును జదువ మొదలిడిన యువకునకు గణితమునందలి కీర్తి తృప్తి నొసఁగకపోయెను.

కేంబ్రిడ్జిలోని హోలీ ట్రినిటీ దేవాలయమునకు చార్లెస్ సిమియన్ అను ప్రసిద్ధ బోధకుఁ డధికారిగా నుండెను. వంగదేశమున విలియం కేరీ చేయుచున్న పనినిగూర్చి యాయన ముచ్చటించుటయు, అమెరికాలోని యాదిమ జాతులవారికి బోధించి యిరువది తొమ్మిదేండ్లకే మరణించిన డేవిడ్ బ్రెయినర్డ్ యొక్క దినచర్యను మార్టిన్ చదువుటయు నేకకాలమున జరిగినవి. బ్రెయినర్డ్ దినచర్యను జోనాథన్ ఎడ్వర్డ్స్ అను వేదాంతి 1749లో బ్రకటించెను. ఒక బోధకుని దినచర్య మఱియొక బోధకుని మార్గమును నిర్ణయించుట, ఆ రెండవవాని దినచర్య తరువాతి తరమువారికి మార్గదర్శక మగుట ఈ వాఙ్మయశాఖలోఁ దఱుచుగాఁ గాననగును. మన మఠములందు గురుపరంపర యుండునట్లు వారియందు గ్రంథపరంపర యుండెను.

1803 అక్టోబరులో మార్టిన్ సన్న్యాసమును బోలిన వైరాగ్యముతో బోధకాభిషేకమును బొంది సిమియన్‌కు సహాయుఁడయ్యెను. 1804లో స్వగ్రామమునందలి యాస్తి పోవుటచే, అవివాహితయగు చెల్లెలి పోషణభారముగూడ నీతనిపైఁ బడెను. స్వేచ్ఛగల మతప్రచారకుఁడుగాఁ బోఁదలఁచినవాఁడు ధనావసరముచేత తూర్పు ఇండియా వర్తకసంఘమువారి కొలువులో సేనాబోధకుఁడుగాఁ జేరవలసివచ్చెను. ఈ చిన్న సంగతి యాతని యావజ్జీవమునకు నొక చిక్కుముడి యైనది. జీతమిచ్చువారు వర్తకులు. వారికిఁ గావలసినది తమ సైనికులకు ఆదివారపు ప్రార్థన. ఆతనికిఁ గావలసినది దేశస్థుల హృదయము.

దినచర్య స్వరూపము

ప్రకటింపఁబడిన దినచర్య 1803వ సంవత్సరముతో నారంభించి 1812 అక్టోబరు 6వ తేదితో ముగియును. ఇందు బాహ్యవృత్తాంతములు తక్కువ. ప్రాతఃకాలమున నెప్పుడు మేల్కొంటిని, ప్రార్థనలో మనస్సు నిలిచెనా, యెషయా ప్రవక్త గ్రంథమునఁగాని దావీదు కీర్తనలందుఁగాని యే భాగమును జదివితిని, దానియందు రుచి పుట్టెనా లేదా, ఎవనితో మాటలాడునపుడు గర్వము తలయెత్తెను, ఎవనికి బోధింపవలసి యుండియు భయముచే మౌనము వహించితిని అను లెక్కలే పుట నిండ నుండును. కీర్తనలలో మిక్కిలి దీర్ఘమైన నూటపందొమ్మిదవ కీర్తనను కంఠస్థము చేసి, మనస్సు చెదరినపుడు దానిని వల్లించుకొనుట యీతనికి నలవాటు. మన బ్రాహ్మణులు సంధ్యావందనమునందు మంత్రమును జపించి చిత్తమును నిలుపుకొనునట్లు, ఈతఁడు కంఠస్థమైన వేదవాక్యముచే నిలుపుకొనెను.

ఇతరులు చదువఁగూడదని తలఁచిన భాగములను లాటిను, గ్రీకు భాషలలో వ్రాసెను. ఇది పరులకొఱకు వ్రాసినది కాదనుటకు నదియే సాక్ష్యము. 1810లో కాన్పూరు విడుచునపుడు కాగితములను దగులఁబెట్టఁబోవుచుండఁగా స్నేహితుఁడగు డేనియల్ కోరీ వలదని బ్రతిమాలి, వానిని ముద్రవేయించి తనయొద్ద నుంచుకొనెను. ఆ కట్టలు పిమ్మట ఇంగ్లాండునకుఁ జేరినవి. 1819లో జాన్ సార్జెంటు వానినుండి భాగములను గ్రహించి మార్టిన్ జీవితచరిత్రమును బ్రకటించెను. 1837లో శామ్యూల్ విల్బర్‌ఫోర్సు దినచర్యను, లేఖలను రెండు సంపుటములుగా వెలువరించెను. ఆ కట్టలను గాపాడిన కోరీయే 1835లో చెన్నపట్టణమునకు మొట్టమొదటి బిషప్పుగా వచ్చి, 1837లో నచటనే మరణించెను.

ప్రయాణము, దానాపూరు

1805 వేసవియందు మార్టిన్ ఓడయెక్కెను. లిడియా గ్రెన్‌ఫెల్ అను కన్యను ప్రేమించి, ఆమెను విడిచి బయలుదేఱెను. దారిలో నోడ దక్షిణాఫ్రికాయందలి కేపు రేవు చేరునప్పటికి, 1806 జనవరిలో ఆంగ్లేయులకును డచ్చివారికిని యుద్ధము జరిగెను. యుద్ధభూమిలో గాయపడిన వారి నడుమఁ దిరుగుచు, ఇంగ్లాండు తన గొప్పతనమును ఫిరంగులచేతఁ గాక ధర్మబోధకులను బంపుటచేఁ జూపవలెనని యీతఁడు ప్రార్థించినట్లు దినచర్య తెలుపుచున్నది. ఆ యేప్రిలులో నోడ చెన్నపట్టణపు రేవును జేరెను. మే నెలలో నీతఁడు కలకత్తాలో నడుగిడెను.

శ్రీరామపురముచెంత గంగాతీరమున, డేవిడ్ బ్రౌన్ అను బోధకుని తోఁటలో విగ్రహము లేని పాడుగుడి యొకటి యుండెను. అదియే మార్టిన్‌కు విడిదియైనది. వేఱొక దేవతకై కట్టిన గుడిలోఁ గూర్చుండి తన దేవునిఁ బ్రార్థించుటయందు విజయభావ మాతని వ్రాఁతలోఁ గనఁబడును. హిందువుల పూజలను వర్ణించునపు డీతని కలము కఠినమైనది. దయయున్నదిగాని తెలివిడి చాలదు. ఇరువదియైదేండ్ల యువకుఁడు, భాష రానివాఁడు, వచ్చిన మొదటి నెలలలోఁ జూచినది పైపైరూపమే. చదువువారు ఈ భాగములను హిందూమతమునకుఁ బ్రమాణముగాఁ గైకొనరాదు. ఆ కాలపు టాంగ్లేయుని మనస్సునకు మాత్రమే అవి ప్రమాణములు.

1806 నవంబరులో నీతఁడు పాట్నాకు సమీపమందలి దానాపూరు దండుకుఁ బోయెను. అచట రెండు పరీక్షలు సంభవించినవి. మొదటిది స్వజనులవలన. ఈతఁడు వ్రాఁత లేకుండ బోధించుట అధికారులకు రుచింపలేదు. వ్రాసికొనివచ్చి చదువుమని వారు కోరఁగా, తనకు సమ్మతము కాకున్నను లోఁబడెను. రెండవది దేశస్థులవలన. సిపాయిల మొగములందును, పాట్నా వీథులలోని జనుల చూపులందును తనజాతిపైఁ గల ద్వేషము నీతఁడు కనిపెట్టెను. ఆ ద్వేషమునకుఁ గారణము తన బోధగాక తన తెల్లనిచర్మము, దానివెనుక నున్న కొలువు నని గ్రహించుటకు నీతనికిఁ జాలకాలము పట్టలేదు.

1807లో లిడియాయొద్దనుండి నిరాకరణపత్రము వచ్చెను. ఆ దినములందు వ్రాఁత తడఁబడినది. ఐనను కొలఁదికాలములోనే భాషాంతరపు పని, బడులు, ఆసుపత్రిలోని రోగులను జూచుట మరల దినచర్యలో నెక్కినవి. లిడియాయు నొక భక్తిదినచర్యను వ్రాయుచుండెను. అందలి భాగములు 1890లో నచ్చుపడినవి. ఒకే బంధమును గూర్చి యిరువురు వేర్వేఱుగా, పరస్పరము తెలియకుండ, దేవుని యెదుట లెక్క చెప్పుకొన్న వ్రాఁతలు రెండును లభించుట చరిత్రకారునకు నరుదుగా దొరకెడు భాగ్యము.

సబాత్, విశాఖపట్టణ సంబంధము

1807లో క్రొత్త నిబంధనను హిందూస్తానీలోనికి మార్చుపనియు, పారశీక భాషాంతరమును బర్యవేక్షించు పనియు మార్టిన్‌కు నొప్పగింపఁబడెను. సహాయులు ఇరువురు. ఒకఁడు కాశీనగరపు మీర్జా ఫిత్రత్. మఱియొకఁడు అరబ్బు దేశస్థుఁడగు సబాత్. ఈ రెండవవాని కథ తెలుఁగుదేశముతో ముడివడినది. సబాత్ విశాఖపట్టణమునందలి న్యాయస్థానమున మహమ్మదీయ ధర్మశాస్త్రమును వివరించు నుద్యోగిగా నుండెను. ఆ యుద్యోగకాలముననే అరబ్బీభాషలోని క్రొత్త నిబంధనను జదివి, క్రైస్తవమతమునకుఁ ద్రిప్పుకొని, చెన్నపట్టణమున డాక్టరు కెర్ అను బోధకునిచే నథనియేలు అను పేర బాప్తిస్మము పొందెను.

సబాత్ విద్వాంసుఁడే. కాని కోపిష్ఠి, పాండిత్యగర్వి. ఈతనికి హిందూస్తానీ యనఁగా సంతభాష. పారశీకమును వ్రాసినను అరబ్బీ పదములతో నింపక మానఁడు. మీర్జా ఫిత్రత్‌తో నిత్యకలహము. మార్టిన్ దినచర్యలో 1807 నవంబరు మొదలు సబాత్ పేరు కనఁబడని వారము లేదనినఁ గొంచెమే యతిశయోక్తి. విశేషమేమనఁగా, మార్టిన్ తన్నుఁదానును గోపిష్ఠియని యెఱుఁగును. విద్యార్థిదశయందు ఒక స్నేహితునిపైఁ గత్తి విసరఁగా నది గురితప్పి గోడకు నాటుకొన్నది. ఆ స్మృతి గలవాఁడగుటచేత సబాత్ దుర్భాషలను సహించుట తనకు దేవుఁడిచ్చిన పాఠమని యెంచుకొనెను. సహాయునిచేత భాష నేర్చుకొన్నదాని కంటె ఓర్పు నేర్చుకొన్నదే యెక్కువ యని చెప్పవచ్చును.

ఈ కలహమునందు నేఁటి పండితులకుఁ దెలిసిన ప్రశ్నయే యిమిడి యున్నది. పవిత్రగ్రంథమును మార్చునపుడు విద్వాంసుల భాషలో మార్చవలెనా, జనుల భాషలోనా? గంగపైఁ బ్రయాణముచేయుచుండఁగా బిహారు పల్లెలవారు మాటలాడునది తాను పుస్తకములలో నేర్చిన హిందూస్తానీ కాదని మార్టిన్ తెలిసికొనెను. మూలమునకు విధేయుఁడుగా నుండుట యొక నిష్ఠ. వినువానికి విధేయుఁడుగా నుండుట మఱియొక నిష్ఠ. రెంటిని నొక వాక్యమునందుఁ దీర్చుట భాషాంతరకర్తకు నిత్యయాతన. హిందూస్తానీ క్రొత్త నిబంధన 1808 మార్చిలో ముగిసెను. దానిని దిద్దుటలో మఱికొన్ని సంవత్సరములు గడచినవి. తుదకు 1814లో, అనఁగా కర్త మరణించిన రెండేండ్లకు, శ్రీరామపురమున నచ్చుపడెను.

సబాత్ పారశీక భాషాంతరమును బరీక్షించిన పండితులు అది అరబ్బీ పదభూయిష్ఠమనియు, సామాన్యులకుఁ గొఱగాదనియుఁ దీర్పు చెప్పిరి. తరువాత సబాత్ క్రైస్తవమతమును విడిచి, దానిని ఖండించుచు గ్రంథమును బ్రకటించెను. ఇన్నియేండ్ల యోర్పునకు దొరకిన ఫలమిది. అయినను మార్టిన్ దినచర్యలో నీతనికై చేసిన ప్రార్థనలు చెరగిపోలేదు.

కాన్పూరు

1809 ఏప్రిలు నెల యెండలో దానాపూరునుండి కాన్పూరునకుఁ బ్రయాణము చేసి, మార్టిన్ షేర్వుడ్ దంపతుల యింటికిఁ జేరునప్పటికి నిలువలేక సొమ్మసిల్లెను. కాన్పూరులో దేవాలయము లేదు. సైనికులకు ఆరుబయట బోధింపవలసివచ్చెను. రొమ్మునొప్పి హెచ్చుచుండెను.

ఆ సంవత్సరాంతమున నీతఁడు క్రొత్తపని యొకటి యారంభించెను. బిచ్చమునకు వచ్చు ఫకీరులు, గోసాయిలు, కుంటివారు, గ్రుడ్డివారు ఆదివారము సాయంకాలమున తన యింటిముంగిటఁ జేరవలెనని, అందఱకును భిక్షమిడుదునని చెప్పించెను. వచ్చినవారి సంఖ్య కొన్నివందలకుఁ బెరిఁగెను. వారియెదుట నిలిచి, తెలిసీతెలియని హిందూస్తానీలో, ఆదికాండమునందలి సృష్టికథ మొదలుకొని వినిపించెను. వారు కొన్నివేళల నఱచిరి, కొన్నివేళల నవ్విరి, కొన్నివేళలఁ బొగడిరి. భిక్షముకొఱకు వచ్చినవారికి బోధచేయుట యుక్తమా యను శంక నేఁటి చదువరికిఁ గలుగకపోదు. ఈ శంక న్యాయమైనదే. ధర్మమును ధనముతోఁ గలిపినపుడు వినువాని మనస్సు తెలియరాదు.

ప్రక్కతోఁటలోని మేడపై కొందఱు యువకులు కూర్చుండి యీ వేడుకను జూచుచుండిరి. వారిలో లక్నోనుండి వచ్చిన షేకు సాలిహ్ అను నాతఁడు మొదట పరిహాసముగా విని, పిదప వినిన మాటలను మఱువలేక, మార్టిన్ పనివారిచెంతఁ జేరి, భాషాంతరపు ప్రతులను జదివెను. 1811లో కలకత్తాయందు డేవిడ్ బ్రౌన్ చేత అబ్దుల్ మసీహ్ అను పేర బాప్తిస్మము పొందెను. ఆగ్రాలోఁ బండ్రెండేండ్లకుఁ బైగా బోధించి, వైద్యము చేసి, 1825లో బిషప్పు హీబర్ చేత నభిషిక్తుఁడై, 1827లో మరణించెను. భిక్షమునకు వచ్చినవారిలో నొకఁడు గాక, భిక్షమక్కఱలేని వాఁడు మాఱుట గమనింపఁదగినది.

పండుగవలె సాఁగిన యీ పని నడుమను మార్టిన్ తనపై మోపుకొన్న నేరమొకటి కలదు. హెబ్రీ భాషయందలి ధాతువుల మూలార్థములను గనుఁగొనవలెనను కోరిక యీతనిని భూతమువలెఁ బట్టెను. రాత్రులు నిద్ర మాని యొక్కొక్క యక్షరమున కర్థమును వెదకెను. వేదగ్రంథముపై ధ్యానమునకుఁ గూర్చుండినవాఁడు వ్యాకరణములో మునిఁగి లేచెను. ఇది భక్తియా, పాండిత్యలోభమా యని యీతఁడు పలుమాఱులు తన్నుఁదాను బ్రశ్నించుకొనెను. ఒక మంత్రమును జపింపఁబోయి దాని ఛందస్సును విచారించుచుఁ గూర్చుండిన పండితున కీ వేదన తెలియును.

కాన్పూరులో నొక భవనమును దేవాలయముగా మార్పించి, 1810 సెప్టెంబరు 30వ తేదిని దానిలోఁ దొలిప్రార్థన జరిపెను. మఱునాఁడే యచటినుండి బయలుదేఱెను. కోరిక నెఱవేఱిన గుడిలో నీతఁడు బోధించినది ఆ యొక్క దినము మాత్రమే.

షీరాజు, టోకాటు

పారశీక భాషాంతరమును ఆ దేశముననే, ఆ భాష మాతృభాషగాఁ గలవారినడుమ సరిచూడవలెనని నిశ్చయించి, 1811 జనవరిలో కలకత్తానుండి యోడయెక్కి, బొంబాయిమీఁదుగా జూను నెలలో షీరాజు చేరెను. సాదీ, హాఫిజు కవుల నగరమది. మీర్జా సయ్యద్ ఆలీ ఖాన్ సహాయుఁడుగా దొరకెను. సబాత్‌కు విరుద్ధస్వభావుఁడీతఁడు. మృదువుగా నడుగును, సందేహించును, మాటకు మాట తూఁచి చెప్పును. నగరములోని మతపండితులు వచ్చి వాదములు జరిపిరి. మీర్జా ఇబ్రాహీమను విద్వాంసుఁడు తమ మతమును సమర్థించుచు గ్రంథమును వ్రాయఁగా, మార్టిన్ పారశీకముననే ప్రత్యుత్తరములు వ్రాసెను. పరదేశములో నొంటరిగా నుండి వాదించినవానిపై నగరమువారు చేయి చేసికొనకుండుటయు, వినుటకు సభ చేయుటయు షీరాజు పండితుల సంస్కారమునకుఁ దార్కాణములు.

1812 ఫిబ్రవరి 24వ తేదిని పారశీక క్రొత్త నిబంధన ముగిసెను. దానిని షాకు సమర్పింపవలెనని తబ్రీజునకుఁ బోవుచుండఁగా జ్వరము వచ్చి నెలలు పీడించెను. ఆంగ్లేయ రాయబారియగు సర్ గోర్ ఔస్లీ యింట మంచమెక్కెను. ఆ రాయబారియే తరువాత గ్రంథమును ఫత్ ఆలీ షాకు సమర్పించెను. 1815లో రష్యా రాజధానియగు సెంటుపీటర్స్‌బర్గున నది యచ్చుపడెను.

సెప్టెంబరులో నీతఁడు గుఱ్ఱముపై ఇస్తాంబూలు మార్గమున స్వదేశమునకు బయలుదేఱెను. వెంటనున్న తాతారుఁడు రాత్రింబవళ్లు నిలువనీయక తఱిమెను. అక్టోబరు 6వ తేదిని గుఱ్ఱములు దొరకనందున నొకచోట విశ్రాంతి లభించెను. ఫలవృక్షముల తోఁటలోఁ గూర్చుండి, తనకు తోడును, మిత్రుఁడును, ఓదార్చువాఁడును దేవుఁడే యను శాంతితో నాఁటి వ్రాఁతను వ్రాసెను. అటుపైఁ బుటలు లేవు. అక్టోబరు 16వ తేదిని టోకాటు నగరమున మరణించెను. అర్మీనియా క్రైస్తవులు భూస్థాపనము చేసిరి. వయస్సు ముప్పదియొకటి.

దినచర్యకుఁ బ్రామాణ్యమెంత

దినచర్యను మాత్రమే చదువువానికి మార్టిన్ నిత్యదుఃఖి, నవ్వెఱుఁగనివాఁడు, తన్నుఁదాను గొరడాతోఁ గొట్టుకొనువాఁడని తోఁచును. కాని కాన్పూరులో నీతనిని దినదినమును జూచిన శ్రీమతి షేర్వుడ్ తన స్మృతులలో వేఱొక మూర్తిని జిత్రించినది. ఆమె యెఱిఁగిన మార్టిన్ పిల్లలతో నాడువాఁడు, సంగీతప్రియుఁడు, చిన్నబిడ్డవలె నవ్వువాఁడు, ఇంటిఖర్చుల సంగతి యేమియుఁ దెలియనివాఁడు. ఇరువురిలో సత్యము చెప్పినవా రెవరు? ఇరువురును. దినచర్య యనునది తప్పుల పద్దు. అందు లాభముల పద్దు వ్రాయఁబడదు. ఆత్మపరీక్షకై కూర్చుండినవాఁడు ఆ దినమున నవ్విన నవ్వును లెక్కింపఁడు, నవ్వునపుడు మఱచిన కర్తవ్యమును లెక్కించును. కావున నిట్టి రచనలను ఉపయోగించు చరిత్రకారుఁడు, వ్రాసినవాఁ డొప్పుకొన్న నేరములను యథార్థజీవితమునకుఁ గొలతగాఁ గొనక, సమకాలికుల సాక్ష్యముతోఁ గలిపి తూఁచవలెను.

దీనికి విపరీతమును నిజమే. తానెఱుఁగని తప్పులను దినచర్య చెప్పదు. కోపము, గర్వము, సోమరితనము అను దోషముల నీతఁడు పుటపుటను వెదకెను. తనకు జీతమిచ్చు వర్తకసంఘముయొక్క పరిపాలనలో తనకుఁగల భాగమును మాత్ర మంత నిశితముగా వెదకలేదు. మనస్సాక్షి కాలముయొక్క శిశువు. ఏ కాలమునందు పెరుఁగునో ఆ కాలపు కన్నులతోనే చూచును.

ఉపసంహారము

మార్టిన్ పని ఫలించెనా? ఆతని లెక్క ప్రకారము ఫలింపలేదు. శిష్యుల సంఖ్య వ్రేళ్లపై లెక్కింపవచ్చును. అచ్చుపడిన తన రెండు మహాగ్రంథములను నీతఁడు కన్నులఁ జూడలేదు.

ఇదే కాలమున తెలుఁగుదేశమునఁగూడ నీ కథయే నడచినది. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజి యను బోధకులు ఆనందరాయఁడను మహారాష్ట్ర బ్రాహ్మణుని సాహాయ్యమున సువార్తలను దెనిఁగింప మొదలిడిరి. క్రాన్ 1809లోను, డి గ్రాంజి 1810లోను మరణించిరి. వారు తెనిఁగించిన మూఁడు సువార్తలు 1812లో, అనఁగా మార్టిన్ మరణించిన సంవత్సరముననే, శ్రీరామపురమున నచ్చుపడినవి. వారికంటె ముందు బెంజమిన్ షుల్జి యను జర్మను బోధకుఁడు చెన్నపట్టణమున నుండి బైబిలును దెనిఁగించినను, ఆ వ్రాఁతప్రతి యచ్చునకు నోఁచుకొనలేదు. ఆ షుల్జియే హిందూస్తానీకి వ్యాకరణము వ్రాసి 1745లో హాలే నగరమునఁ బ్రకటించెను. దేశభాషల గద్యచరిత్రమున నీ యకాలమృతులకును, వారితోఁ గూర్చుండి యొక్కొక్క మాటకై వాదించిన ఆనందరాయఁడు, మీర్జా ఫిత్రత్, సయ్యద్ ఆలీ వంటి దేశపండితులకును సమానమైన భాగ మీయవలసి యున్నది.

మార్టిన్ దినచర్యవంటి గ్రంథములు పిమ్మట మన ప్రాంతమునకును వచ్చినవి. 1841లో మచిలీపట్టణము చేరిన హెన్రీ వాట్సన్ ఫాక్స్ అను బోధకుని వ్రాఁతలను, లేఖలను గూర్చి ఆతని సోదరుఁడు 1850లోఁ బ్రకటించిన చరిత్ర మా పద్ధతిదే. ఇట్టివానిని మతగ్రంథములని ప్రక్కకు నెట్టుట గాని, పుణ్యకథలని విమర్శలేక కొనియాడుట గాని శాస్త్రపద్ధతి కాదు. ఒక మనుష్యుఁడు తాను నమ్మిన గ్రంథమును ప్రతిదినము చదివి, దానిముందుఁ దన నడవడిని నిలిపి, కొఱఁత కనఁబడినపుడు దానిని దాఁపక వ్రాసికొన్నాఁడు. ఫలము తన చేతిలో లేదని తెలిసిన పిదపను మఱునాటి పనికి లేచినాఁడు. సేవానిష్ఠ యనుపదమునకు ఆ దినచర్య చూపెడు నర్థమింతియే. తగులఁబడవలసిన కాగితములను ముద్రవేయించి కాపాడిన స్నేహితుని దూరదృష్టికి భాషాచరిత్రము ఋణపడి యున్నది.